ఛాయాచిత్రములలో వసంతవర్ణనము: బెంగుళూరు వీథులను గూర్చి ఒక విమర్శ

మన ప్రబంధకవులకు అష్టాదశవర్ణనలలో ఋతువర్ణనము ముఖ్యమైనది. అందును వసంతమునకే పెద్దపీట. మావిచిగురు, కోయిల, తుమ్మెద, మలయమారుతము, చెరకువిల్లు పట్టిన మన్మథుడు - ఈ సామగ్రి యంతయు కవి గంటము పట్టుటకు ముందే సిద్ధముగా నుండెడిది. రామరాజభూషణుడు వసుచరిత్రమున వసంతమును వర్ణించినప్పుడు, అయ్యా, తమరు ఏ తోటలో, ఏ నాడు, ఏ చెట్టు క్రింద నిలిచి చూచితిరని ఎవరును అడుగలేదు. అడుగుట అరసికత. ఆ వసంతము శబ్దమున పుట్టి శబ్దముననే పూచినది.

ఛాయాచిత్రమునకు ఆ వెసులుబాటు లేదు. ఒక చోట, ఒక దినమున, ఒక క్షణమున ఎదుట నున్నదానినే కెమేరా పట్టగలదు. లేనిదానిని కల్పించు యంత్రములు ఇప్పుడు వచ్చినవి గాని, వాని పనిని ఛాయాచిత్రమని పిలుచుటకు నాకు నోరు రాదు. ఎదుట నున్నదానికి కట్టువడి యుండుటయే ఈ కళకు హద్దు; దాని ఆస్తియు అదియే. అట్టి కళను చేతబట్టినవారు కూడ నేడు కవిసమయములనే ఆశ్రయించుచున్నారని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను. స్త్రీపాదము తాకినచో అశోకము పూచునని పూర్వకవులు ఒప్పుకొన్నట్లే, బెంగుళూరులో వసంతమనగా గులాబిరంగు చెట్ల వరుస యని మన ఛాయాగ్రాహకులు ఒప్పుకొన్నారు. ఏటేట ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చు చిత్రములను వరుసగా పెట్టి చూడుడు. రెండువైపుల చెట్లు కలిసి గుహవలె ఏర్పడిన బాట యొకటి. రాత్రి నిలిపియుంచిన కారు కప్పుమీద రాలిన పూవు లొకటి. ఖాళీ బల్ల యొకటి. తీసినవారు వేరు, వీథి వేరు, సంవత్సరము వేరు. చిత్రము మాత్రము ఒక్కటే.

ఆ చెట్టు టబెబుయా. మధ్య అమెరికా ప్రాంతము దాని పుట్టిల్లు. ఎల్ సాల్వడోరు దేశమునకు అది జాతీయవృక్షము. ఊదారంగు పూల జకరండా దక్షిణ అమెరికాది. తురాయి మడగాస్కరు ద్వీపముది. 1760లో హైదరాలీ నాటించిన లాల్‌బాగునకు 1908లో అధికారిగా వచ్చిన జర్మను దేశీయుడు క్రుంబీగెల్, ఒక వీథి చెట్లు వాడునప్పటికి మరియొక వీథి చెట్లు పూచునట్లు ఏడాది పొడుగున పూల వరుస యుండవలెనని యోచించి నాటించినాడు. పిదప 1980వ దశకమున అటవీశాఖాధికారి ఎస్. జి. నెగిన్‌హాళ్ నగరమంతట సుమారు పదిహేను లక్షల మొక్కలు నాటించినారని ప్రసిద్ధి. కావున నేడు మన కన్నులకు విందు చేయు ఈ పూత దైవికము గాదు. ఒక యోచన ఫలితము. అది విదేశీయమని నేను నిందించుటలేదు. ఉగాది పచ్చడిలో కారమునకు మనము వేయు మిరపకాయయు అమెరికా నుండి వచ్చినదే. నాలుగైదు వందల ఏండ్లు కలిసి కాపురము చేసినచో మిరపకాయ తెలుగుదైనది. టబెబుయా కూడ ఒకనాటికి కావచ్చును. నా ఆక్షేపణ చెట్టుమీద గాదు, దానిముందు నిలిచిన కన్ను మీద.

ఇక్కడ కాలము తగవు కూడ కొంత గలదు. మన పంచాంగము ప్రకారము చైత్ర వైశాఖములు వసంతము. టబెబుయా నిండుగా పూచునది మాఘ ఫాల్గునములలో, అనగా శిశిరమున. ఉగాదినాటికి ఆ చెట్లు చాలవరకు పూవులు రాల్చి ఆకు తొడుగుచుండును. అప్పుడు ‘వసంతశోభ’ యని పేరుపెట్టిన చిత్రములలో సగము శిశిరచిత్రములే యగును. దీనికి సమాధానము లేకపోలేదు. 1957 మార్చి 22వ తేదీన అమలులోనికి వచ్చిన మన జాతీయ పంచాంగము ఫాల్గున చైత్రములను వసంతముగా నిర్ణయించినది. దాని ఫాల్గునము ఫిబ్రవరి 20న ఆరంభించును. మేఘనాద సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘమువారు, అయనచలనముచేత మన మాసములు ఋతువులనుండి ఇన్ని శతాబ్దులలో జరిగిపోయినవని లెక్కగట్టి ఈ మార్పు చేసిరి. ఆ లెక్క ననుసరించినచో చెట్టుది తప్పు గాదు, చిత్రకారునిది తప్పు గాదు. అయినను, మనయిండ్లలో ఋతువు మారినదని తెలియునది పంచాంగశ్రవణముచేతనే గాని ప్రభుత్వపు గెజిటుచేత గాదు. కాబట్టి బెంగుళూరు తెలుగువానికి రెండు వసంతములున్నవని ఒప్పుకొనుట మేలు: ఒకటి చెట్లది, రెండవది ఇంటిది. మొదటిదానికి వేలకొలది చిత్రములున్నవి. రెండవదాని చిత్రము లేవీ?

ఈ ప్రశ్నకు ఛాయాచిత్రకళ పుట్టకముందే జవాబు చెప్పిన కవి యొకడు మనకున్నాడు. కృష్ణరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరును వర్ణించుచు, పొలముల కాలువగట్టున రెక్కలలో తలలు దూర్చి నిద్రించు బాతులను చూపినాడు. తలారులు వానిని చూచి, వేకువనే స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు మరచిన ముద్దబట్టలని భ్రమించి, ఇండ్లకు చేర్చుదమని రేవులోనికి దిగుదురు. బాతులు లేచి పరుగెత్తును. వరిచేల కావలిపడుచులు నవ్వుదురు. ఇందులో ఏ అలంకారమున్నదో తరగతిలో చెప్పుట తేలిక. నాకు ఆశ్చర్యము గొలుపునది వేరు. ఉదయపు వెలుతురు ఎటునుండి వచ్చుచున్నది, తలారికిని బాతుకును ఎంత దూరము, నవ్వినవారు ఏ ప్రక్క నున్నారు - అంతయు స్థలనిర్దేశముతో నున్నది. అదే కావ్యమున వానకాలమున తడిసిన కట్టెలతో నిప్పు రాజుకొనక ఇల్లాండ్రు పడు పాట్లు గూడ చెప్పినాడు. మేఘమును, నెమలిని కాదనలేదు. పొగలో కన్నులు నులుముకొను ఇల్లాలిని వాని సరసన నిలిపినాడు. ఒక తెలుగుకవి, అందును రాజు, తమిళదేశపు ఊరిలో ఇంత సన్నిహితముగా చూడగలిగినప్పుడు, కన్నడదేశపు నగరమున మూడు నాలుగు తరములుగా కాపురమున్న మనకు మన వీథి కనబడకుండుటకు కారణమేమి?

పరదేశపు ఉదాహరణ ఒకటి చాలును. ప్రాగు నగరవాసి యోసెఫ్ సుడెక్ (1896–1976) మొదటి ప్రపంచయుద్ధమున కుడిచేయి కోల్పోయినవాడు. 1940 నుండి 1954 వరకు తన చిత్రశాల కిటికీని, దాని ఆవల పెరటిలోని వంకరచెట్టును మరల మరల తీసినాడు. చెమ్మపట్టిన అద్దమున్నది, మంచున్నది, చిగురున్నది. అందమైన చెట్టును వెదకుకొని ఆయన ఊరు దాటలేదు.

ఇక చూడవలసినది మన యింటి చుట్టునున్న వసంతము కెమేరాకు లొంగునా యని. లొంగుట కష్టమే. వేపపూత చిన్నది, తెల్లనిది, ఆకు నీడన ఒదిగి యుండునది. దాని గొప్ప వాసనలో గలదు, చేదులో గలదు. కెమేరాకు ఆ రెండును తెలియవు. కానుగచెట్టు ఆకులన్నియు రాల్చి కొలది దినములలో లేత చిగురుతో నిండిపోవును. ఆ పచ్చదనములోని పసుపుఛాయను నేటి సెల్‌ఫోనులు చాలవరకు తమ ఇష్టము వచ్చినట్లు ముదురుచేసి పెట్టును. రావిచిగురు రాగిరంగున మొదలగును. ఎరుపును గ్రహింపలేని పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిలిములో అట్టి ఎఱ్ఱని లేతాకు నల్లగా పడెడిది; అనగా చిగురు ముదురాకు కంటె ముసలిదిగా కనబడెడిది! మన తాతల కాలపు చిత్రములలో వసంతము కనబడకపోవుటకు ఇదియు ఒక కారణము కావచ్చును. అయితే అప్పటివానికి యంత్రము అడ్డు. ఇప్పటివానికి అలవాటు అడ్డు.

వెలుతురు మాట గూడ చెప్పవలెను. బెంగుళూరు ఉత్తర అక్షాంశము సుమారు పదమూడు అంశలు. అందుచేత ఏప్రిల్ 24వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము 12 గంటల 18 నిమిషముల వేళ సూర్యుడు సరిగా నడినెత్తి నుండును. నిలువుగా పాతిన స్తంభమునకు నీడ పడదు. చిత్రకారు లందరు ఉదయమున, సాయంకాలమున బంగారుకాంతికై పరుగెత్తుదురు. నడిమధ్యాహ్నపు వెలుతురు ముఖములను పాడుచేయునని కెమేరా మూసివేయుదురు. నిజమే, కనుబొమల క్రింద గుంటలు పడును. కాని ఈ నగరమున వైశాఖమునకు ముఖలక్షణము ఆ నీడలేనితనమే గదా! తోపుడుబండి క్రింద మాత్రమే నీడ మిగిలి, ఆ నీడలో కుక్క యొకటి, బండివాని చెప్పులు మరియొకటి చేరిన దృశ్యమును చూడనివా రెవరు? దానిని చిత్రముగా పెట్టినవారు మాత్రము అరుదు.

నేను పనిచేయు అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో గత ఉగాదికి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ‘మా వీథిలో వసంతము’ అను పేర తలకొక చిత్రము తెమ్మని కోరితిమి. ఇంట నున్న ఫోనుతో తీసిన చాలు ననియు, క్రింద తెలుగున ఒక వాక్యము వ్రాయవలెననియు నియమము. వచ్చినవానిలో అధికభాగము గులాబిరంగు చెట్లే. ఆ పిల్లల వీథులలో పెక్కింట ఆ చెట్టు లేదు. చిత్రముకొరకు వారు తమ వీథిని విడిచి, పేరుపడిన పెద్దబాటలకు పోయి తీసికొని వచ్చిరి. అనగా వసంతము తమ యింటికి రాదు, మరియొకరి పేటకు వచ్చునని పదమూడేండ్ల వయసుననే వారికి తెలిసిపోయినది. నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది ఈ సంగతియే.

రెండు చిత్రములు మాత్రము వేరుగా నున్నవి. మొదటిది మేడమీద చేటలో వేపపూవును ఆరబెట్టుచున్న ముసలమ్మ చిత్రము. ఆమె ముఖము సగము తెగిపోయినది. చేయి కదలుటచే చెదరినది. పోటీలకు పంపినచో మొదటి చూపులోనే తిరిగివచ్చును. కాని ఆ చెదరిన చేయి పుల్లలను ఏరి పూరేకులను మిగిల్చు చేయి. కదలకపోయిన యెడల అది వేపపూవు చారునకు ఉపయోగపడు చేయి కాదు. పక్కయింటి కన్నడిగులకు ఉగాదినాడు వేప, బెల్లము - రెండే రుచులు, మనకు ఆరు. పచ్చడిని గిన్నెలో పోసి పైనుండి తీసిన చిత్రములు ప్రతియేడు వచ్చుచున్నవి. వానిలో ఆరు రుచులకు బదులు ఒకే గోధుమరంగు కనబడును. చేదు ఎట్లు చిత్రమున కెక్కునని యడిగినవారికి ఈ చేటను చూపవచ్చును. రుచి పడదు గాని, రుచికి ముందు జరుగు పని పడును.

రెండవదానిని తెచ్చినది ఎనిమిదవ తరగతి బాలిక. ఆమె తల్లి పౌరకార్మికురాలు. తెల్లవారుజామున వీథిదీపము ఇంకను ఆరలేదు. పనికోటు తొడిగిన స్త్రీ వంగి ఊడ్చుచున్నది. వెనుకనుండి తీసిన చిత్రము. ముఖము వద్దని తల్లియే చెప్పినదట. కెమేరా పిల్ల యెత్తున నున్నందున ఎదుటి పూలకుప్ప ఆమె నడుము దాక లేచి కనబడుచున్నది. ఆ కుప్పలో ఎండుటాకులు, గులాబిరంగు పూవులు, ప్లాస్టిక్ గ్లాసు. చిత్రము ఒకప్రక్కకు ఒరిగినది. తోపుడుబండి చక్రము సగమే పడినది. క్రింద వాక్యము: “అమ్మకు పని ఎక్కువుండే నెల.” ఆ మాటను నేను గ్రాంథికముగా దిద్దలేదు.

సహోపాధ్యాయుడొకరు దానిని చూచి, ఇది పరిశుభ్రతాదినమునకు పనికివచ్చును గాని వసంతమునకు గాదనిరి. ఆయన అభిప్రాయమును తేలికగా త్రోసివేయరాదు. విషయము గొప్పదైనంతమాత్రమున చిత్రము గొప్పది గాదు. జాలికి మార్కులు వేయుట విమర్శ యనిపించుకొనదు. కాని ఈ చిత్రమున జాలి యెక్కడ? ఆకురాలుటయు పూతయు ఒకేసారి వచ్చు ఈ నగరపు వసంతలక్షణమును, ఆ రెండింటిని ఒకే కుప్పగా చూపిన చిత్రము ఇదియొక్కటే. తక్కిన చిత్రములలో గులాబిరంగు గాలిలో తేలుచున్నది. ఇందులో మాత్రమే దానికి బరువున్నది. వసంతము వచ్చి ఎవరికో ఏదో చేసినదని తక్కినవానిలో తెలియదు.

ఇంకొక మాట. పూలపరుపు చిత్రము కావలెనన్న ఊడ్వకముందే పోవలెనని చిత్రకారులు ఒకరికొకరు చెప్పుకొందురు. ఆలస్యమైనచో ఊడ్చుచున్నామె చట్రములోనుండి తప్పుకొనువరకు ఆగుదురు. లేదా తరువాత ఆమెను కత్తిరింతురు. ఈ నగరపు పౌరకార్మికులలో ఇంట తెలుగు మాటలాడువారు పెక్కుమంది యను సంగతి మన సంఘములకు తెలియనిది కాదు. బెంగుళూరు కట్టించిన కెంపెగౌడ తెలుగున గంగాగౌరీవిలాసమను యక్షగానము వ్రాసెనని మనము సంచిక సంచికలోను వ్రాసికొందుము. సంతోషమే. ఆ కీర్తితోపాటు ఈ చీపురు గూడ ఇక్కడి తెలుగువారి చరిత్రలోనిదే యని ఒక్క సంచికయందైన చిత్రముతో అచ్చువేసితిమా?

ఇంటి వసంతమునకు తగిన దృశ్యములు మన నగరమున కొరతపడలేదు. శ్రీరామనవమికి వీథి మొగలలో పానకము, వడపప్పు పంచుదురు. 1939 నుండి రామసేవామండలివారు నడుపు సంగీతోత్సవమున కన్నడిగులు, తమిళులు, తెలుగువారు ప్రక్కప్రక్కన కూర్చుండి త్యాగరాజుని తెలుగు విందురు. చిత్రములలో వేదిక పడును, విసనకఱ్ఱతో వినువా రెన్నడును పడరు. చైత్రపూర్ణిమ రాత్రి ధర్మరాయస్వామి గుడినుండి వెడలు కరగమును గూర్చి ఎక్కువ చెప్పను. మల్లెపూల గోపురమును, కత్తులు పట్టిన వీరకుమారులను తీసిన మేలైన చిత్రము లెన్నియో గలవు. అది పండుగ, దానికి చిత్రకారు లెప్పుడును కరవుగారు. తెల్లవారిన పిదప ఆ వీథులలో గుమ్మముల ముందు నలిగిన మల్లెలను, నిద్రలేక అరుగుమీద ఒరిగిన పిల్లలను గూడ ఎవరైన తీయవలెనని మాత్రము నా కోరిక.

బెంగుళూరులోనే నివసించిన టి. ఎన్. ఎ. పెరుమాళ్ (1932–2017) వన్యప్రాణి చిత్రములకు దేశవిఖ్యాతుడు. పక్షి చిత్రము తీయువానికి మొదట కావలసినది ఓర్పు. పక్షికొరకు చూపు ఓర్పులో పదియవవంతు తన వీథిమీద చూపిన ఛాయాగ్రాహకుడు ఈ నగరమునకు ఇంకను కావలెను. అడవికి పోవుటకు సెలవు దొరకవలెను. గుమ్మమున నిలుచుటకు ఏమి దొరకవలెను?

చివరగా శీర్షికల సంగతి. చిత్రము క్రింద తేది, వీథి, చెట్టు పేరు లేకున్నచో పది సంవత్సరములకు అది ఎవరిదియు కాకపోవును. బాట వెడల్పుకు చెట్టు పోయినచో ఆ పేరే సాక్ష్యము. మా పిల్లలు చాలమంది ‘పింక్ ట్రీ’ యని వ్రాసిరి. కానుగను కన్నడిగులు హొంగె యందురు, తమిళులు పుంగై యందురు; మూడు పేర్లును ఒకే తరగతిలో దొరకినవి, మూడును వ్రాయించితిని. టబెబుయాకు తెలుగుపేరేమని యడిగినప్పుడు తరగతి మౌనముగా నున్నది. అంతట ఆ ఎనిమిదవ తరగతి బాలిక, మా యింట దానిని అంటుపూల చెట్టందురని చెప్పినది. పూవులు తడిసినచో తారుకు అంటుకొని చీపురునకు రావట. పటము క్రింద ఆ పేరే వ్రాయించి, ప్రక్కన తేదియు, వీథియు చేర్పించితిని.